ఓడ ప్రయాణములో కొసరు

గూడూరు పట్టణమునకు సముద్రము దూరము కాదు. తూర్పుగా పోయినచో తూపిలిపాలెము, ఈశాన్యముగా పోయినచో కృష్ణపట్నము రేవు. అయినను కృష్ణపట్నమున దిగునది బొగ్గు, ఎక్కునది సరకు. మనుష్యులు ఓడ యెక్కవలెనన్న చెన్నపట్టణపు రేవునకే పోవలెను. గూడూరు ప్రాంతపు గనులలో దొరకిన అభ్రకము ఎన్నో దశాబ్దములు ఆ రేవుననే ఓడ యెక్కి సీమలు తిరిగినది. ఊరివారు మాత్రము ఒడ్డుననే ఉండిపోయినారు.

2022 జూన్ నెలలో ఈ పరిస్థితి కొంత మారినది. కార్డీలియా క్రూయిజెస్ అను సంస్థ తన ‘ఎంప్రెస్’ నౌకను చెన్నైనుండి విహారయాత్రలకు నడుపుట ప్రారంభించినది. అదే నెలలో ఆ ఓడ విశాఖపట్టణమునకును వచ్చినది. ఒక చోటికి చేరుటకు గాక, సముద్రముమీద నాలుగు దినములు సుఖముగా గడపుటకే టిక్కెట్టు కొను ప్రయాణమిది. పదవీ విరమణ చేసిన దంపతులును, అమెరికాలో బిడ్డలయొద్దకు పోయి అక్కడ ఇట్టి యాత్రల రుచి యెరిగినవారును మన యిండ్లలో నేడు కొందరున్నారు. వారిలో రెండవసారి, మూడవసారి ఓడ యెక్కినవారు ఒక మాట అనుచుందురు: “మొదటిసారి ఉన్నట్లు లేదండీ.” ఈ మాట మనవారు మాత్రమే అనుట లేదు. ముప్పది నలువది యేండ్లుగా ఓడలనే రెండవ యిల్లుగా చేసికొన్న విదేశీయులు దీనినే మరింత గట్టిగా అనుచున్నారు. వారి ఫిర్యాదులో ఎంత నిజమున్నదో చూతము.

మొదట ఆ ‘ఎంప్రెస్’ కథయే వినదగినది. అది కొత్త ఓడ కాదు. 1990లో ఫ్రాన్సు దేశమున ‘నార్డిక్ ఎంప్రెస్’ అను పేర నిర్మింపబడి, రాయల్ కరీబియన్ సంస్థ తరపున అమెరికాలోని మయామీనుండి మూడు నాలుగు రాత్రుల యాత్రలకు తిరిగినది. తరువాత పేరు మారినది, స్పెయిను సంస్థకు పోయినది, 2016లో మరల పాత యజమానికడకు వచ్చి, మరుసటి యేట క్యూబాకు యాత్రలు చేసినది. 2019 జూన్‌లో అమెరికా ప్రభుత్వము క్యూబాకు విహారనౌకలు పోరాదని నిషేధించినది. 2020 డిసెంబరులో ఓడను అమ్మివేసినారు. దాని స్థూల టన్నేజి 48,563. ఇచ్చట టన్ను అనగా బరువు కాదు, ఓడలోని మూసిన చోటుయొక్క కొలత. అదే రాయల్ కరీబియన్ 2024 జనవరిలో యాత్రలకు దింపిన ‘ఐకన్ ఆఫ్ ది సీస్’ కొలత 248,663. అనగా మన ఎంప్రెస్ వంటివి అయిదు అందులో పట్టును. ఆ ఓడ నిండినచో ఏడున్నర వేలకు మించిన ప్రయాణికులుందురు.

చిన్న ఓడను అమ్మినప్పుడు దాని పాత ప్రయాణికులు నొచ్చుకొన్నారనుటలో వింత లేదు. అందులో బాల్కనీ గదులు బహు స్వల్పము, మెరుపులు తక్కువ, కాని రెండు దినములలో ఓడయంతయు తెలిసిపోవును, ఎదురుపడినవారి ముఖములు గుర్తుండును. సంస్థ లెక్క వేరు. పెద్ద ఓడలో మనిషికొక్కింటికి పడు ఖర్చు తగ్గును, ఓడలోపలనే అమ్మదగిన వస్తువులు పెరుగును. అక్కడివారికి పాతబడినది ఇక్కడ మనకు కొత్తయై వచ్చినది. ఇందు చిన్నతనమేమియు లేదు. బాగుగా నడుచు ఓడకు పుట్టిన తేదీ దోషము కాదని మా అభిప్రాయము.

ఇక పాత ప్రయాణికుని బాధ యేమి? మన యూళ్లలో ‘వాడుక కొట్టు’ అనునది అందరికి తెలిసినదే. ఏండ్ల తరబడి ఒకే కొట్టున సరకు కొనువానికి కొట్టువాడు తూకము వేసిన తరువాత గుప్పెడు కొసరు వేయును. ఆ గుప్పెడు బియ్యము విలువ స్వల్పము. కొట్టువాడు మనలను ఎరుగునన్నదే దాని విలువ. విహారనౌకలలోను చిరకాలము ఈ వాడుక యుండెను. రాత్రి భోజనమునకు యాత్ర పొడుగునను ఒకే బల్ల, ఒకే వేళ, ఒకే వడ్డనవాడు. ఓడలలో పనిచేయువారిలో గోవావారు మొదటినుండి పెక్కుమంది; మనవారు ఒకరు తొలిరాత్రి పెరుగన్నము అడిగినచో, మరునాడు అడుగకయే అది బల్లమీదికి వచ్చెడిది. 2000లో నార్వేజియన్ సంస్థ ఎప్పుడు తోచిన అప్పుడు, ఎచట తోచిన అచట భోజనము చేయవచ్చునను పద్ధతి తెచ్చినది. తక్కిన సంస్థలు తమకు అనువైన రీతిలో దానిని అనుసరించినవి. కుర్రవారికిది స్వేచ్ఛ. పాతవారికి మాత్రము ప్రతిరాత్రియు తమ పేరు మరల చెప్పుకొనవలసిన శ్రమ.

ఎరుకకు బదులు సంస్థలు లెక్కను పెట్టినవి. రాయల్ కరీబియన్ వారి సభ్యత్వములో ఓడలో గడపిన రాత్రికొక పాయింటు. ఖరీదైన సూటు గదియైనచో రెండు. ఎనుబది పాయింట్లకు ‘డైమండ్’, ఏడు వందలకు ‘పినకిల్’. ఏడు వందలనగా, వారము దినముల యాత్రలు నూరు చేయవలెను. సంవత్సరమునకు నాలుగు చేసినను ఇరువదియైదేండ్లు! అట్టివారు లోకములో నున్నారు. తిరుమలకు కాలినడకన ఎన్నిసార్లు పోయితిమో లెక్క చెప్పు పెద్దలను చూచినవారికి వీరి గర్వము అర్థము కాగలదు.

ఈ లెక్కలో చిక్కొకటి కలదు. పాయింట్లు పెరుగునే గాని తరుగవు. ఏండ్లు గడచినకొలది డైమండ్ వారు ఎంతమంది యైరనగా, వారికై కేటాయించిన సాయంకాలపు గదిలో కూర్చుండ చోటు లేకపోయెను. అంతట ఉచిత పానీయములను గదిలో గాక, దినమునకు నాలుగని కార్డుమీద లెక్కకట్టి ఇచ్చుట మొదలిడినారు. అందరును ముందువరుసవారైనచో ముందువరుస యుండదు గదా. ఈ విషయమున సంస్థలను మేము తప్పుపట్టజాలము.

తప్పుపట్టదగినది మరియొకటి. కార్నివాల్ సంస్థ తన పాత సభ్యత్వ పద్ధతిని తొలగించి 2026లో కొత్తది అమలు చేయుదునని 2025 జూన్‌లో ప్రకటించినది. పాతదానిలో ఓడలో గడపిన దినములు లెక్క. కొత్తదానిలో ఖర్చు పెట్టిన డాలర్లు లెక్క. పైగా సంపాదించిన హోదా జీవితాంతము నిలువదు. గడువుదాటిన తరువాత మరల ఖర్చుచేసి సంపాదించుకొనవలెను. విమాన సంస్థలు ఈ దారిని ముందే పట్టినవి. దీనివలన ఒక్క యాత్రలో ధారాళముగా వెచ్చించినవాడు, ఇరువదియేండ్లుగా చవుక గదిలో ప్రయాణము చేయుచున్న ముదుసలి దంపతులను దాటిపోవును. వ్యాపారదృష్టితో ఇది న్యాయమే కావచ్చును. కాని ఆ దంపతులు ఇచ్చినది డబ్బు మాత్రమే కాదు. తమ సెలవులన్నియు, తమ బంధువులకు చెప్పిన మంచిమాటలన్నియు ఇచ్చినారు. కొసరును కూడ త్రాసులో వేసి తూచుటయే వారికి కష్టము తోచినది.

చిన్నచిన్న కోతలు చెప్పవలెనన్న పట్టిక పెరుగును. దినమునకు రెండుమార్లు గది సర్దుట పలు ఓడలలో ఒకమారు అయినది. అర్ధరాత్రి విందులు దాదాపు మాయమైనవి. మంచి వంటకము కావలెనన్న వేరే రుసుముగల భోజనశాలకు పొమ్మందురు. కడపటి రాత్రి కవరులో పెట్టి వడ్డనవాని చేతికిచ్చు బక్షీసు నేడు దినమునకింతయని ఖాతాలో తానే పడుచున్నది. మంచికి మారినవియు లేకపోలేదు. పూర్వము ఓడ కదలుటకు ముందు ప్రాణరక్షణ కసరత్తుకై అందరు గుంపుగా నిలువవలసియుండెను. 2020 తరువాత పలు ఓడలలో దానిని తెరమీద చూచి, తమ చోటికి పోయి హాజరు వేయించుకొన్న చాలును. మోకాళ్ల నొప్పులవారికి ఇది గొప్ప ఉపకారము.

ఓడలో తరగతుల భేదము తిరిగివచ్చుట మాకు మరింత ఆలోచింపదగినదిగా కనబడుచున్నది. మన తాతల తరమున మదరాసు, నాగపట్టణములనుండి పినాంగు, సింగపూరులకు ‘రజూలా’ అను స్టీమరు నడచెడిది. 1926లో గ్లాస్గోలో కట్టిన ఆ ఓడ, యుద్ధకాలము మినహా, 1973 వరకు బ్రిటిష్ ఇండియా కంపెనీ జెండాక్రింద అదే దారిని తిరిగినది. పైన క్యాబినువారు, డెక్కుమీద చాప పరచుకొన్న కూలీలును, చిల్లర వర్తకులును. తరువాతి విహారనౌకలు ఈ గోడలను కొంత పగులగొట్టినవి. చవుక గదివాడును, ఖరీదు గదివాడును ఒకే శాలలో భుజించిరి. (క్యూనార్డ్ వారు మాత్రము గదినిబట్టి భోజనశాల అను ఆచారమును విడువలేదు.) 2008లో ఎం.ఎస్.సి. సంస్థ ‘ఫాంటాసియా’ ఓడలో ‘యాచ్ క్లబ్’ అను ప్రత్యేక భాగమును తెరచినది. నార్వేజియన్ వారికి ‘హేవెన్’ కలదు. ఆ భాగములకు వేరే తలుపు, వేరే ఈతకొలను, వేరే భోజనశాల. ఓడలో ఓడ యన్నమాట. వందల రాత్రులు గడపిన పాత ప్రయాణికునకు ఆ తలుపు తెరువబడదు. ఆ తలుపునకు వయస్సుతోను, వాడుకతోను పనిలేదు.

అట్లయిన అసలు సిసలు విలాసనౌకలలో పాత మర్యాద నిలిచినదా? క్రిస్టల్ సంస్థ కథ చూడుడు. వడ్డనకు పేరుమోసిన ఆ సంస్థ, యజమానియైన జెంటింగ్ హాంకాంగ్ దివాలాతో 2022 జనవరిలో యాత్రలు నిలిపినది. ఇంధనపు బాకీకై ఓడను పట్టుకొనుటకు అమెరికాలో ఉత్తరువు వెలువడగా, ‘క్రిస్టల్ సింఫనీ’ మయామీకి పోక బహామా దీవులలోని బిమినీకి మరలినది. వెండిపళ్లెములలో తినుచున్న ప్రయాణికులు తుదకు వేరొక పడవలో ఒడ్డు చేరవలసివచ్చెను. అదే సంవత్సరము అబర్‌క్రోంబీ అండ్ కెంట్ వర్గము ఆ పేరును, రెండు ఓడలను కొని, 2023లో మరల నీటికి దింపినది. పాత సభ్యత్వములను గౌరవించినది, పాత సిబ్బందిలో పలువురిని వెదకి పిలిపించినది. కొనదగిన ఆస్తి ఇనుము మాత్రమే కాదని, ప్రయాణికుల పేర్లెరిగిన మనుష్యులని ఆ కొన్నవారు గ్రహించిరి. అయితే ఈ మర్యాదకు ధర సామాన్యుని అందుబాటులో లేదు.

2023 సెప్టెంబరులో విశాఖపట్టణమున విహారనౌకలకై ప్రత్యేక టెర్మినల్ ప్రారంభమైనది. మరుసటి ఏప్రిల్‌లో ‘ది వరల్డ్’ అను ఓడ అచటికి వచ్చినది. అందులోని నూట అరువదియైదు నివాసములు ప్రయాణికుల సొంతము. 2003లో ఓడనే వారు కొనివేసిరి. తమను మరచిపోవు యజమాని లేకుండ చేసికొనుటకు ధనికులు కనుగొన్న ఉపాయమిది! తక్కినవారు యజమాని దయమీద ఆధారపడవలసినదే.

మనవైపున ఈ వాడుక ఇప్పుడిప్పుడే మొదలగుచున్నది. 2025 జూన్, జూలైలలో ఎంప్రెస్ విశాఖనుండి పుదుచ్చేరి మీదుగా చెన్నైకి తిరిగినది. నార్వేజియన్ స్కై, నార్వేజియన్ సన్ అను మరి రెండు ఓడలను బాడుగకు తీసికొనుచున్నట్లు అదే సంవత్సరము కార్డీలియా ప్రకటించినది. అవియు అమెరికా దారులలో పాతవారిని సంపాదించుకొన్నవే. గూడూరునుండి తొలిసారి పోవువారు సొమ్ము కట్టుటకు ముందు కొన్ని సంగతులు అడిగి తెలిసికొనుట మంచిది: ఛార్జీలో పన్నులు, బక్షీసు చేరినవా, ఏ భోజనశాల ఉచితము, దేనికి రుసుము, రాత్రి భోజనమునకు స్థిరమైన బల్ల ఇత్తురా, రెండవసారి వచ్చినచో తగ్గింపు కలదా, కలిగినచో ఎన్నాళ్ల గడువు. ఓడ వేళకు కదలును, ఎవరికొరకును ఆగదు. గూడూరునుండి చెన్నైకి రైలులో రెండు రెండున్నర గంటలు పట్టును గనుక, పగటి బండిని నమ్ముకొనక తెల్లవారుజాముననే బయలుదేరవలెను.