క్రియాటినిన్ 1.2 - నార్మలేనా?

మన సంఘం పండగ భోజనాల లైనులో నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది: "క్రియాటినిన్ 1.2 వచ్చిందండీ, నార్మలే కదా?" నేను కిడ్నీ డాక్టర్ని కాబట్టి, పులిహోర వడ్డించుకుంటూనే "ఎవరికండీ?" అని తిరిగి అడుగుతాను.

అడగడానికి కారణం ఉంది. క్రియాటినిన్ అనేది కండరాల నుంచి పుట్టే వ్యర్థం. కండ ఉన్నవారిలో ఎక్కువ పుడుతుంది, వయసు మళ్ళినవారిలో తక్కువ. అందుకే వయసు, ఆడా మగా కూడా లెక్కలోకి తీసుకుని, కిడ్నీలు రక్తాన్ని ఏ మేరకు వడకడుతున్నాయో అంచనా వేస్తారు. దాన్నే ఈజీఎఫ్ఆర్ అంటారు. అమెరికాలో ఇప్పుడు వాడుతున్న 2021 నాటి సూత్రం ప్రకారం 1.2 ఉన్న పాతికేళ్ళ కుర్రాడికి అది సుమారు 86. అదే 1.2 ఉన్న 65 ఏళ్ళ అమ్మగారికి 50! 60కి తగ్గి, మూడు నెలలు దాటినా అలాగే ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కిందే లెక్క.

"మా అమ్మకి ఏ నొప్పీ లేదే" అంటారు. ఈ జబ్బు చాలాకాలం నొప్పి పెట్టదు. కాళ్ళ వాపు, వికారం, ఆయాసం వచ్చేసరికి సాధారణంగా చాలా భాగం పోయి ఉంటుంది. అమెరికాలో ఈ జబ్బు ఉన్న పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి అది ఉన్నట్టే తెలియదని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ అంచనా.

రక్త పరీక్ష ఒక్కటే సరిపోదు. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీను ఎంత పోతోందో కూడా చూడాలి. షుగరు ఉన్నవారిలో ఈజీఎఫ్ఆర్ ఇంకా బాగానే ఉండగానే ఆల్బుమిన్ కారడం మొదలవచ్చు. గ్రాము క్రియాటినిన్‌కి 30 మిల్లీగ్రాములు దాటితే పట్టించుకోవాలి. జ్వరం వచ్చినా, గట్టిగా వ్యాయామం చేసినా తాత్కాలికంగా పెరుగుతుంది కనుక మళ్ళీ చేయించి ఖాయం చేసుకోవాలి. షుగరు, బీపీ ఉన్నవారికి కూడా ఈ పరీక్ష తరచు మరిచిపోతుంటారు. మీరే అడిగి చేయించుకోండి, ఏడాదికోసారి. అమ్మానాన్నలు ఇండియా నుంచి వస్తున్నారా? విమానం ఎక్కకముందే అక్కడే రెండు పరీక్షలూ చేయించండి. విజిటర్ ఇన్సూరెన్సులు చాలావరకు పాత జబ్బులకు డబ్బివ్వవు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు వారైతే షుగరు, బీపీ లేకపోయినా చేయించాలి. అక్కడ ఆ రెండూ లేనివారికి కూడా ఈ జబ్బు వస్తోంది.

ఇక మందులు. "బీపీ మాత్రలు కిడ్నీలు పాడుచేస్తాయి" అని మానేసేవారిని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. లిసినోప్రిల్, లోసార్టాన్ లాంటివి, ముఖ్యంగా ఆల్బుమిన్ పోతున్నవారిలో, కిడ్నీని కాపాడే మందులు. మొదలుపెట్టిన కొత్తలో క్రియాటినిన్ కాస్త పెరగవచ్చు. 30 శాతం లోపైతే సాధారణంగా మందు ఆపనక్కరలేదు. షుగరు కోసం వచ్చిన డాపాగ్లిఫ్లోజిన్‌కి 2021లో కిడ్నీ జబ్బుకి కూడా అనుమతి వచ్చింది, షుగరు లేనివారికి సైతం. మెట్‌ఫార్మిన్ మీద కూడా లేనిపోని నింద ఉంది. అది కిడ్నీని పాడుచేయదు. కిడ్నీ బాగా తగ్గినప్పుడు దాని మోతాదు తగ్గించాలి, ఈజీఎఫ్ఆర్ 30 లోపుకి వస్తే ఆపాలి, అంతే. నిజంగా భయపడాల్సింది మోకాళ్ళ నొప్పులకి రోజూ వేసుకునే ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్, సూట్‌కేసులో వచ్చే డైక్లోఫెనాక్‌లకి.

తిండి సంగతికొస్తే, ఆవకాయ పూర్తిగా మానమని నేననను, అన్నా ఎవరూ వినరు. కానీ రోజు మొత్తానికి ఉప్పు ఒక చెంచా, అంటే 5 గ్రాములు దాటకూడదు. పచ్చడి, అప్పడం, ఊరమిరపకాయ మూడూ ఒకే కంచంలో ఉంటే ఆ లెక్క ఎప్పుడో దాటిపోతుంది. "లో సోడియం" ఉప్పు కొంటున్నారా? అందులో సాధారణంగా పొటాషియం ఉంటుంది, కిడ్నీ తగ్గినవారికి అది ప్రమాదం. అలాగని పొటాషియం పరీక్ష చూడకుండానే పప్పు, పళ్ళు అన్నీ మానేసి నీరసపడటం కూడా తెలివైన పని కాదు. బిందెలకొద్దీ నీళ్ళు తాగితే జబ్బు ఆగుతుందన్నది కూడా నిలవలేదు. కెనడాలో పరీక్షించి చూశారు, 2018లో ఫలితం వచ్చింది, తేడా కనపడలేదు.

ఇంత చేసినా కొందరికి తగ్గుతూనే ఉంటుంది. అప్పుడు డయాలిసిస్ దాకా ఆగకండి. అమెరికాలో 20కి దిగితే చాలు, కిడ్నీ మార్పిడి వెయిటింగ్ లిస్టులో పేరు ఎక్కించుకోవచ్చు, ఎదురుచూపు లెక్క ఆ రోజు నుంచే మొదలవుతుంది. మనవాళ్ళలో బి గ్రూపు రక్తం ఎక్కువ, ఆ గ్రూపుకి ఎదురుచూపు కూడా ఎక్కువే. కనుక 25 దగ్గర ఉన్నప్పుడే ఇంట్లో ఎవరు ఇవ్వగలరో మాట్లాడుకోవడం మొదలుపెట్టండి.