టిక్కెట్టు మీద గంట... గడప నుంచి ఎంత?

"నాందేడ్ నుంచి హైదరాబాదుకు విమానం పడిందట, గంటలో దిగుతారట!" 2017లో మా బోధన్‌లో ఏ ఇంటికి పేరంటానికి వెళ్లినా ఇదే మాట. ఆ ఏడు ఏప్రిల్ 27న ఉడాన్ పథకం కింద మొదలైన తొలి విమానాల్లో అదొకటి. నడిపింది ట్రూజెట్. సగం సీట్లకు టిక్కెట్టు 2500 రూపాయలు మించకూడదన్నారు. మనలాంటి వాళ్లకు ఆశ పుట్టదూ?

మరుసటేడు మా పెద్దమ్మాయికి సికింద్రాబాదులో కాన్పు. "రేపు మధ్యాహ్నం ఆపరేషన్ చేస్తామన్నారు అత్తయ్యా" అని సాయంత్రం అల్లుడి ఫోను. మావారు వెంటనే "విమానంలో పోదాం, గంటే కదా" అన్నారు. నేను పాల లెక్క రాసే క్యాలెండరు వెనక్కి తిప్పి పెన్సిలు తీశాను.

సాలూర దగ్గర మంజీర దాటి, బిలోలి మీదుగా నాందేడుకు దాదాపు వంద కిలోమీటర్లు, రెండున్నర గంటలు. విమానానికి గంట ముందైనా చేరాలి. ప్రయాణం గంట. శంషాబాదులో దిగి సామాను తీసుకుని బయటపడేసరికి అరగంట. అక్కడి నుంచి సికింద్రాబాదుకు ఇంకో గంట పైనే. మొత్తం ఆరు గంటలు! అదే కారులో నిజామాబాద్, కామారెడ్డి మీదుగా 200 కిలోమీటర్లు, నాలుగున్నర గంటలు. (చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరుకు బండ్ల వెనకాల పడితే ఈ లెక్క కూడా పనిచేసేది కాదు. అది 2015లో మూతపడింది.) పైగా హైదరాబాదు మాకు ఆగ్నేయాన ఉంటే నాందేడ్ వాయవ్యాన. ముందుకు పోవడానికి వంద కిలోమీటర్లు వెనక్కి నడవడమన్నమాట!

తెల్లవారుజామున నాలుగింటికి కారెక్కి తొమ్మిదిలోపే చేరాం. చూస్తే ఆపరేషన్ ముందుకు జరిపారు, పదింటికే లోపలికి తీసుకెళ్లారు. దాని తల దువ్వి, రెండు జడలు వేసి పంపాను. విమానం మా కోసమే కాచుకుని ఉన్నా, అప్పటికి ఇంకా శంషాబాదు రోడ్డు మీదే ఉండేవాళ్లం.

మరి టిక్కెట్టు మీది గంట అబద్ధమా? కాదు. రెండు విమానాశ్రయాల మధ్య తిన్నగా గీత గీస్తే 250 కిలోమీటర్లు కూడా ఉండదు. పంకాలు తిరిగే ఆ చిన్న విమానం ఆకాశంలో గంటకు 500 కిలోమీటర్ల దాకా పోతుంది. అలాగైతే అరగంట చాలాలి కదా! కానీ టిక్కెట్టులో వేసేది విమానం నిలిచిన చోటి నుంచి కదిలింది మొదలు, అవతల మళ్లీ నిలిచేదాకా పట్టే సమయం. రన్‌వే దాకా మెల్లగా వెళ్లడం, పైకెక్కడం, దిగడానికి వరసలో కాచుకోవడం అన్నీ అందులోవే. మన ఇంటి నుంచి వెళ్లడం మాత్రం అందులో లేదు. అన్నం ఉడికేది పది నిమిషాలే, బియ్యం ఏరి కడిగి ఎసరు పెట్టడం ఎవరు లెక్కేస్తారు?

ఢిల్లీ, బెంగుళూరు లాంటి దూరాలకైతే మాట వేరు. నాందేడ్ దాకా వెనక్కి వెళ్లినా కలిసొస్తుంది. ట్రూజెట్ విమానాలు 2022లో ఆగిపోయాయి. 2024లో స్టార్ ఎయిర్ వాళ్లు నాందేడ్ నుంచి మొదలుపెట్టారు. చిన్న ఊళ్ల విమానాలు ఇలా వస్తుంటాయి, పోతుంటాయి. ఆ రోజు ఉందో లేదో కనుక్కున్నాకే సామాను సర్దుకోండి.

మా జిల్లాలో గల్ఫులో కొడుకో, భర్తో లేని వీధి ఉండదు. శంషాబాదు నుంచి దుబాయికి విమానంలో నాలుగు గంటలు. మా బోధన్ నుంచి శంషాబాదుకు రోడ్డు మీద అంతకన్నా ఎక్కువ! జక్రాన్‌పల్లిలో విమానాశ్రయం కట్టాలన్న మాట ఏళ్లుగా వింటున్నాం. అదే వస్తే మా ఇంటికి యాభై కిలోమీటర్లే. ఆ రోజున క్యాలెండరు మళ్లీ తిప్పుతాను.