మగ్గపు ఇంటి తరుగుదల: లెక్కలో చేర్చవలసిన ఖర్చు

నేత కుటుంబాలకు ఇల్లు వేరు, కార్ఖానా వేరు అను మాట లేదు. ముందు గదిలో మగ్గం, నడవలో రాట్నం, వెనుక పొయ్యి. కోలారు జిల్లాలోనైనను, సరిహద్దు దాటి చిత్తూరు వైపునైనను నేత ఇల్లు ఇట్లే యుండును. జాకార్డు పెట్టుటకు ఎత్తు చాలకున్న కప్పు లేపించెదము. వానకాలంలో మగ్గం గుంటలో నీరు ఊరిన సిమెంటు పూయించెదము. తేమకు పడుగు చెడునని నేలకు బండలు పరపించెదము. ఇదంతయు "ఇంటి ఖర్చు" అని మరచిపోయెదము.

చీరకు వెల కట్టునప్పుడు మనము నూలు, రంగు, కూలి వరకే చూచెదము. ఆ గది కూడ చీరకొరకే అరుగుచున్నదని తలచము. అనగా చీరతోపాటు గోడను కూడ కొంచెము కొంచెముగా అమ్ముచున్నాము. దానికి మాత్రము వెల పుచ్చుకొనుట లేదు. పదేండ్లకు కప్పు కారినప్పుడు అప్పు చేయవలసి వచ్చుటకు కారణ మిదియే.

మన ప్రక్కనున్న బంగారు గనులను చూడుడు. 1880లో జాన్ టేలర్ కంపెనీ చేపట్టిన ఆ గనులకు 1902లోనే శివసముద్రం నుండి కరెంటు వచ్చినది. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించి దిగినది. అంతటి గనులును 2001 ఫిబ్రవరి 28న మూతబడినవి. బంగారమిచ్చు గనియే తరిగిపోవునప్పుడు మట్టిగోడ తరుగదా? తరుగును ఏటేటా వ్రాసుకొనుటయే వ్యాపారధర్మము.

ఆదాయపు పన్ను చట్టము కూడ ఈ తరుగును ఒప్పుకొనును. 2025-26 వరకు వచ్చిన ఆదాయానికి 1961 నాటి చట్టము వర్తించును. 2026 ఏప్రిల్ 1 నుండి వచ్చు ఆదాయానికి 2025 చట్టము. పాత చట్టపు నియమాలు ఇవి. ఇంటిలో వృత్తికి వాడు భాగానికే తరుగు దొరకును. స్థలానికి తరుగు లేదు. పగిలిన పెంకులు మార్చుట, సున్నము కొట్టుట వంటివి మామూలు మరమ్మతులు. వృత్తి భాగానికి చెందినంత వరకు ఆ యేటి ఖర్చే. పెంకులు తీసి మిద్దె వేయుట, కొత్త గది కట్టుట అట్లు కాదు; వాటిని ఏటేటా తరుగుగానే తీసుకొనవలెను.

రేటు వైశాల్యమునుబట్టి యుండును. కట్టడములో మూడింట రెండు వంతులు గాని అంతకు మించి గాని కాపురానికే ఉన్నచో నూటికి 5. లేకున్న నూటికి 10. మగ్గము యంత్రసామగ్రి గనుక నూటికి 15.

ఒక లెక్క వేసి చూతము. ఇల్లు 800 చదరపు అడుగులు, మగ్గపు గది 200. అనగా నాలుగవ వంతు. ఇల్లంతటికి మిద్దె వేయుటకు రూ. 1,60,000 అయినదనుకొందము, గది వంతు రూ. 40,000. గదికి మాత్రమే బండలు, గుంటకు సిమెంటు రూ. 30,000. మొత్తము రూ. 70,000. నూటికి 5 చొప్పున మొదటి యేడు రూ. 3,500, మిగిలిన రూ. 66,500 పైన రెండవ యేడు రూ. 3,325. పని పూర్తియై ఆ యేడు 180 రోజులకు తక్కువ వాడినచో మొదటి యేడు సగమే.

ఇల్లు మన పేర లేకున్నను, అద్దె లేక అనుభవ హక్కుతో వృత్తి చేయుచు సొంత డబ్బుతో కట్టినదానికి తరుగు పొందవచ్చును. బంగారు గనుల క్వార్టర్లలో అట్టి హక్కుతో నుండి చేతిపని చేసుకొనువారు దీనిని గుర్తుంచుకొనవలెను.

మూడు హెచ్చరికలు. ఆస్తి పనికి ఒక మనిషికి ఒక దినములో రూ. 10,000 మించి రొక్కముగా ఇచ్చినచో ఆ మొత్తము ఆస్తి ఖరీదులో చేరదు. బ్యాంకు ద్వారా ఇయ్యవలెను. వసూళ్లపై నూటికి 8 లేక 6 లాభముగా చూపు పద్ధతి ఎంచుకొన్నవారికి వేరుగా తరుగు ఇయ్యరు; అయినను తరుగు పొందినట్లే ఆస్తి విలువ తగ్గును. ఇల్లు అమ్మునాడు తరుగు తీసిన భాగానికి ఆ తగ్గిన విలువనుబట్టియే లాభము కట్టుదురు.

మనలో పెక్కుమందికి పన్నే రాదు. కొత్త పద్ధతిలో 2025-26 నుండి రూ. 12 లక్షల వరకు ఆదాయముగల వ్యక్తులకు రాయితీ వలన మామూలు ఆదాయముపై పన్ను లేదు. అట్లయిన ఈ లెక్క ఎందుకందురా? పై ఉదాహరణలో ఏటికి 50 చీరలు దిగినచో మొదటి యేడు చీరకు రూ. 70 గది తరుగే. ఆ డెబ్బదియు ధరలో చేరనిచో, ఆ మేరకు మన కూలి నుండి పోయినట్లే.

కనుక సోదరీసోదరులారా, లెక్కపుస్తకములో మగ్గపు గదికి ఒక పుట కేటాయించుడు. గది కొలత, పని జరిగిన తేది, ఇచ్చిన మొత్తము వ్రాసి, రశీదులు అందే అంటించి ఉంచుడు. ధర మాట్లాడునాడు నూలు చీటీతో పాటు ఆ పుటను కూడ ముందుంచుడు.