రోబో సర్జరీ: బిల్లెవరిది, బాధ్యతెవరిది?

మోకీలు మార్పిడి, ప్రొస్టేట్, గర్భసంచి... ఏ ఆపరేషన్‌కు వెళ్లినా ‘రోబోతో చేయించుకుంటారా?’ అని అడిగే ఆసుపత్రులు పెరిగాయి. కోత చిన్నది, త్వరగా ఇంటికెళ్లొచ్చు అంటారు. బీమా ఎంత ఇస్తుందన్నది మాత్రం చాలామందికి డిశ్చార్జి రోజునే తెలుస్తుంది.

‘రోబోటిక్ సర్జరీ మా పాలసీలో లేదు’ అని బీమా కంపెనీలు పూర్తిగా తోసిపుచ్చడం ఇప్పుడు కుదరదు. ఐఆర్‌డీఏఐ 2019 మార్గదర్శకాల్లో మినహాయించకూడని 12 ఆధునిక చికిత్సల్లో ఇదీ ఒకటి. అయితే మెలిక ఉంది. కంపెనీలు పరిమితి పెట్టుకోవచ్చు. ఉదాహరణకు ఆరోగ్య సంజీవని పాలసీలో ఈ చికిత్సలకు బీమా మొత్తంలో 50 శాతం వరకే ఇస్తారు. మీకు రూ.5 లక్షల పాలసీ ఉండి, బిల్లు రూ.4 లక్షలైతే వచ్చేది రూ.2.5 లక్షలు దాటదు. మిగతాది మీ జేబులోంచే. అందుకే అడ్మిషన్‌కు ముందే రోబో ఛార్జీని విడిగా చూపిస్తూ ఎస్టిమేట్ రాయించుకోండి. ముందస్తు అనుమతి పత్రంలో ‘రోబోటిక్’ అన్న మాట ఉందో లేదో చూడండి. మీ పాలసీలో ‘మోడ్రన్ ట్రీట్‌మెంట్స్’ అన్న పేరా వెతికి చదవండి. ఏజెంటు మాట కన్నా అదే ముఖ్యం.

ఇక తేడా జరిగితే? రోబో అనే పేరు మనల్ని కాస్త తప్పుదారి పట్టిస్తుంది. డావిన్సీ లాంటి యంత్రం తనంతట తాను కోయదు. కన్సోల్ ముందు కూర్చున్న సర్జన్ చేతి కదలికలనే అది అనుసరిస్తుంది. కాబట్టి నిర్లక్ష్యం జరిగిందంటే ముందు జవాబు చెప్పాల్సింది డాక్టరు, ఆసుపత్రే. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. లోపం యంత్రానిదే అయితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తయారీదారుపైనా పరిహారం కోరవచ్చు.

స్కాన్లు చదివే ఏఐ విషయంలో మన దగ్గర ఇంకా ప్రత్యేక చట్టం లేదు. ఐసీఎంఆర్ 2023లో నైతిక మార్గదర్శకాలు ఇచ్చింది, అంతే. ప్రస్తుతానికి రిపోర్టుపై సంతకం చేసిన డాక్టరు పేరే మీకు ఆధారం.

సమ్మతి పత్రాన్ని హడావుడిగా సంతకం పెట్టి ఇచ్చేయకండి. యంత్రం మధ్యలో ఆగితే ఓపెన్ సర్జరీ చేస్తారా, దానికి ఖర్చెంత, ఈ సర్జన్ రోబోతో ఇలాంటివి ఎన్ని చేశారు అని అడగండి. ఇలా అడిగితే డాక్టరు నొచ్చుకుంటారని మొహమాటపడక్కర్లేదు. అనుమానం వస్తే మెడికల్ రికార్డుల కోసం రాతపూర్వకంగా అడగండి, 72 గంటల్లో ఇవ్వాలన్నది నిబంధన. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి గడువు రెండేళ్లు.