గాజుపోగులో వెలుగుకు దారిలోనే బలం ఎలా వస్తుంది?

ప్రశ్న: హైదరాబాద్ నుంచి ముంబయికి ఫైబర్ కేబుల్‌లో వెళ్లేది వెలుగే కదా! అంత దూరం పోయేసరికి ఆరిపోదా?

వదిలేస్తే ఆరిపోయినట్టే. గాజుపోగు ఎంత స్వచ్ఛమైనదైనా సుమారు 15 కిలోమీటర్లకు వెలుగు సగమవుతుంది. మరో 15 దాటితే ఆ సగంలో సగం. 100 కిలోమీటర్లకు మిగిలేది దాదాపు నూరో వంతు. అందుకే సాధారణంగా 80, 100 కిలోమీటర్లకొక చోట ఆంప్లిఫయర్ పెట్టి బలం పెంచుతారు.

కానీ బాగా నీరసించాక బలం పెంచడంలో ఒక చిక్కుంది. దూరపు రేడియో స్టేషన్ సన్నగా వినిపిస్తుంటే వాల్యూమ్ పెంచి చూడండి, పాటతో పాటు గరగరా పెరుగుతుంది. ఇక్కడా అంతే. ప్రతి ఆంప్లిఫయర్ తన రొద కొంత కలుపుతుంది. వచ్చిన సిగ్నల్ ఎంత బలహీనమైతే అందులో రొద వాటా అంత ఎక్కువ. మరి అంతగా నీరసించకముందే, దారిలోనే ఊతమిస్తే? దారిలో గాజు తప్ప ఏమీ లేదు. ఆ గాజుతోనే పని జరుగుతుంది.

ఇందుకు మూలం సి.వి. రామన్ 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో గుర్తించిన సంగతి. (ఆయన చిన్నప్పుడు చదువుకున్నది మన విశాఖపట్నంలోనే.) పదార్థంలో అణువులు కదులుతూ ఉంటాయి. వాటి మీద పడిన వెలుగులో ఏ కొంచెమో తన శక్తిలో కాస్త వాటికి వదిలేసి, రంగు మారి బయటికొస్తుంది. శక్తి తగ్గితే తరంగదైర్ఘ్యం పెరుగుతుంది.

ఫైబర్‌లోకి 1450 నానోమీటర్ల బలమైన లేజర్‌ను పంపితే, గాజుకు కొంత శక్తి పోయాక అందులో కొంత వెలుగు 1550 ప్రాంతానికి చేరుతుంది. మన సిగ్నల్ ప్రయాణించేది సరిగ్గా అక్కడే. అసలు కిటుకు ఇక్కడుంది: ఆ రంగు సిగ్నల్ అప్పటికే పోగులో ఉంటే, కొత్తగా పుట్టే వెలుగు కణం దాని అచ్చులోనే పుడుతుంది. అదే రంగు, అదే దిక్కు, అదే లయ. అలా లేజర్ తరుగుతూ సిగ్నల్‌ను పెంచుతుంది. గాజుపోగులో ఈ పెంపును 1973లో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో స్టోలెన్, ఇప్పెన్ కొలిచి చూపారు.

లేజర్‌ను ఎక్కువగా సిగ్నల్ చేరే చివరి నుంచి ఎదురుగా పంపుతారు. లేజర్ కూడా దారిలో తరిగిపోతుంది గనుక, సిగ్నల్ మరీ నీరసించకముందే చివరి ఇరవై కిలోమీటర్లలో దానికి ఎక్కువ ఊతం దొరుకుతుంది. పైగా లేజర్ బలంలో వచ్చే చిన్న చిన్న హెచ్చుతగ్గులు ఎదురు ప్రయాణంలో సగటయిపోయి సిగ్నల్‌కు అంటుకోవు.

ఈ లేజర్ కంటికి కనబడదు, కానీ కంటిని దెబ్బతీయగలదు. పోగులను కలిపే కనెక్టర్ మొన మీద దుమ్ము రేణువు ఒక్కటున్నా అది లేజర్‌కు కాలి, ఆ వేడికి గాజు మాడిపోవచ్చు. అందుకే లేజర్ ఆపకుండా కనెక్టర్ విప్పకూడదు, మొన తుడిచి చూడకుండా తిరిగి బిగించకూడదు.