నిండు గర్భం – తల్లి ప్రాణం – షరీఅత్ మార్గం

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై శాంతి, శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! ప్రాణం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. పేదరికపు భయంతో సంతానాన్ని చంపడాన్ని దివ్య ఖుర్ఆన్ (17:31) నిషేధించింది. 120 దినాలకు గర్భస్థ శిశువులో ఆత్మ ఊదబడుతుందని హదీసుల ఆధారంగా ధర్మవేత్తలు తెలిపారు. వైద్యులు చివరి బహిష్టు నుండి లెక్కిస్తారు గనుక వారి లెక్కలో అది సుమారు 19 వారాలు.

మక్కాలోని రాబితా సంస్థకు చెందిన ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 1990లో ఇలా నిర్ణయించింది: ఆ గడువుకు ముందు, చికిత్సకు లొంగని తీవ్ర వైకల్యాన్ని నిపుణులు నిర్ధారిస్తే, తల్లిదండ్రులు కోరినచో అనుమతి ఉంది. గడువు దాటాక వైకల్యం కారణం కాజాలదు. తల్లి ప్రాణానికి నిశ్చయంగా ముప్పుందని విశ్వసనీయ వైద్య బృందం తేల్చితేనే అనుమతి. రెండు కీడులలో పెద్దదాన్ని తప్పించడమే ఇందలి సూత్రం.

మన దేశ చట్టం, 2021 సవరణ మేరకు, 24 వారాల తర్వాత కూడా తీవ్ర వైకల్యాన్ని వైద్య మండలి నిర్ధారిస్తే అనుమతిస్తుంది. చట్టం అనుమతించినదల్లా ధర్మసమ్మతం కాదు. అయితే తల్లి ప్రాణరక్షణ విషయంలో రెండింటి మాటా ఒక్కటే.

అవయవ లోపాలను చూసే స్కానింగ్ 18–20 వారాల నడుమ, అంటే గడువు అంచున జరుగుతుంది. గర్భిణులను డోలీలో మోసుకెళ్లవలసి వచ్చే గూడెం కొత్తవీధి కొండల్లో ఒక్క వారం ఆలస్యమైనా ఆ గడువు దాటిపోతుంది. కనుక గర్భం తెలిసిన వెంటనే పరీక్షలు చేయించండి. అదుపు తప్పిన రక్తపోటో, గుండె జబ్బో తల్లి ప్రాణం తీస్తుందని నిపుణులు చెప్పినప్పుడు లోకనిందకు భయపడి ఆమెను ఆపకండి.

అల్లాహ్ మన తల్లులను, బిడ్డలను కాపాడుగాక! ఆమీన్.