ఇరవై తొమ్మిది కన్నా పెద్ద ఇరవై ఎనిమిది

కొత్తగా సైకిల్ కొందామని షాపుకెళ్లినవాళ్లను మొదట తికమక పెట్టేవి అంకెలే. ఒకదాని మీద 26, ఇంకోదాని మీద 27.5, ఆ పక్కనే 29, అదే వరసలో 700సి. అంకె పెద్దదైతే చక్రమూ పెద్దదేగా అనుకుంటారు. అక్కడే ఉంది తిరకాసు.

29, 700సి రెండింటిదీ ఒకే రిమ్ము. టైరు అంచు కూర్చునే చోట కొలిస్తే రెండూ 622 మిల్లీమీటర్లే. పాలక్యాన్లు మోసిన పాత అట్లాస్, హెర్క్యులెస్ సైకిళ్ల 28 అంగుళాల చక్రానికి మాత్రం 635. అంటే 29 కన్నా 28 రిమ్మే పెద్దది! అంగుళాల లెక్క టైరుతో కలిపి వేసిన ఉజ్జాయింపు కావడమే ఇందుకు కారణం. 622 రిమ్ముకు రెండంగుళాల పైచిలుకు టైరు తొడిగితే 29 అవుతుంది. 28 మిల్లీమీటర్ల సన్న టైరైతే 27 కూడా దాటదు.

కాబట్టి టైరు కొనేటప్పుడు దాని పక్కభాగంలో ఉబ్బెత్తుగా ఉండే జంట అంకెలు చూడాలి. 40-622 అంటే వెడల్పు 40, రిమ్ము 622. 26 అంగుళాల పేరుతోనే 559 ఉంది, 590 ఉంది. ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు.

అసలు చక్రం సైజు గురించి అంత తర్జనభర్జన అక్కర్లేదు. పెద్ద చక్రం గతుకుల్ని కాస్త సులువుగా దాటుతుంది, చిన్నది చురుగ్గా మలుపు తిరుగుతుంది. పొట్టివాళ్లకు 29 కన్నా 27.5 నయం. మిగతావాళ్లు ఫ్రేము ఒంటికి సరిపోయిందో లేదో చూసుకుంటే చాలు.

రోడ్డు మీద తేడా తెలిసేది టైరు వెడల్పులో. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ మీద 28 మిల్లీమీటర్ల టైరు హాయిగా సాగిపోతుంది. అక్కడిదాకా వెళ్లాల్సిన దారుల్లోనే స్పీడ్ బ్రేకర్లు, పైపుల కోసం తవ్వి పూడ్చిన గుంతలు. సన్న టైరులో గాలి తగ్గిందా, గుంత అంచు తగలగానే ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. సైక్లిస్టులు దీన్ని పాముకాటు అంటారు. పోనీ గాలి దట్టించి కొడదామంటే, కంకరరాయి తగిలినప్పుడల్లా నడుముకు తెలుస్తుంది.

వెడల్పైతే వేగం పోతుందన్న భయమూ పాతబడింది. ఒకప్పుడు 23కు మించనివ్వని ప్రొఫెషనల్ రేసర్లే ఇప్పుడు 28, ఆపైన వాడుతున్నారు. ఊళ్లో తిరిగేవాళ్లకు 35 నుంచి 45 మధ్య నున్నటి టైరు భేషుగ్గా సరిపోతుంది. మంచులోనూ ఇసుకలోనూ కూరుకుపోకుండా తయారుచేసిన నాలుగంగుళాల ఫ్యాట్ టైర్లు తారురోడ్డు మీద దండగ బరువు. కుర్రాళ్లకు అవే ముద్దు, అది వేరే సంగతి!

ఉన్న సైకిల్‌కే వెడల్పు టైరు వేయించుకునేవాళ్లు ముందు ఫోర్కులోనూ, వెనక గొట్టాల మధ్యా, మడ్‌గార్డు కిందా సందు ఎంత మిగులుతుందో చూసుకోవాలి. వానాకాలం బురద పేరుకుని చక్రం బిగుసుకుపోయేది అక్కడే.